బతికుండగానే వచ్చే బీమా

బీదరులో ప్రేమమ్మను ఎరిగినవాళ్లందరికీ ఆమె గురించి ఒక సంగతి తెలుసు. అర్థం కాని విషయాన్ని ఆమె అలాగే వదిలిపెట్టదు. ఆడపిల్లల బోర్డింగులో వంట చేసి రిటైరైన మనిషి. ఒకసారి చర్చిలో పాస్టరుగారు నోవహు ఓడ మీద ప్రసంగం చేశాడు. ఆరాధన అయ్యాక ప్రేమమ్మ ఆయన్ని మెట్ల దగ్గర ఆపి, అన్ని జంతువులకు అన్ని రోజులు సరిపడా మేత ఎక్కడ పెట్టారు, పేడ ఎవరు ఎత్తారు అని అడిగింది. ఎగతాళికి కాదు. వందమంది పిల్లలకు వండిన మనిషికి సరుకు ఎక్కడ పెట్టాలన్నది నిజమైన ప్రశ్న. పాస్టరుగారు వారమంతా ఆలోచించి మరుసటి ఆదివారం జవాబు చెప్పాడు. ఆ జవాబు ఆమెకు పూర్తిగా నచ్చలేదు కానీ, కసురుకోకుండా చెప్పినందుకు సంతోషించింది.

ఆమె భర్త అబ్బయ్య దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన ఏదీ అడగడు, ఏదీ చెప్పడు. దేవుడు ఆయనకు నోరిచ్చింది ట్రంపెట్ ఊదడానికే అని ప్రేమమ్మ అంటుంది. ఇరవై ఏళ్లు రాకముందే పెళ్లిళ్ల బ్యాండులో చేరి, ఇప్పుడు డెబ్బై దాటినా ముందు వరసలోనే నిలబడుతున్నాడు. జనవాడ నుంచి ధన్నూర దాకా, హిందువుల ఇళ్లలో, ముసల్మానుల ఇళ్లలో, కిరస్తానీల ఇళ్లలో ఆయన ఊదని పెళ్లి లేదు. ఎర్రకోటు వేసుకుని, బుగ్గలు పూరించి ఆయన పైస్వరం అందుకుంటే, గుర్రం మీద కునికిపాట్లు పడుతున్న పెళ్లికొడుకు కూడా వెన్ను నిటారు చేసుకుంటాడని జనం చెప్పుకుంటారు.

ఆ ఎర్రకోటును ఉతకడానికి తీసిన రోజున ప్రేమమ్మకు దాని లోపలి జేబులో ఒక పొడుగాటి గుడ్డపట్టీ దొరికింది. పాత పంచెను చింపి, నాలుగు మడతలు వేసి కుట్టినది. అక్కడక్కడా చెమటకు పసుపుబారింది. ఆమె దాన్ని తీసుకెళ్లి, గుమ్మంలో కూర్చుని ట్రంపెట్ తుడుచుకుంటున్న భర్త ముందు పట్టుకుంది.

ఏమిటిది అని అడిగితే నడికట్టు అన్నాడు. ఎందుకు అంటే నడుము నొస్తుందన్నాడు. నడుముకు కట్టుకునేదైతే మధ్యలో గజ్జ దగ్గర ఈ ఉండ ఎందుకు కుట్టినట్టు అని ఆమె అడిగింది. అబ్బయ్య ట్రంపెట్‌ను ఇంకొంచెం గట్టిగా తుడిచాడు. ప్రేమమ్మ పట్టీ కింద పెట్టి, ఆయన ఎదురుగా చతికిలపడింది. ఇక ఆమె లేవదని ఆయనకు తెలుసు. కాసేపటికి మెల్లగా బయటపెట్టాడు. గజ్జల్లో నిమ్మకాయంత బుడిపె. ఏడాది పైన అయింది. పడుకుంటే లోపలికి పోతుంది. నిలబడి ఊదితే బయటికి వస్తుంది. పైస్వరం పట్టుకున్నప్పుడల్లా ఎవరో లోపల పేగును పట్టి లాగినట్టు ఉంటుంది. అందుకే పట్టీ.

"ఇంత జేస్కొని నాకొక్క మాట చెప్పకపోతివి," అంది ప్రేమమ్మ.

"చెప్తే నువ్వు ఊదనియ్యవు గదా," అన్నాడు అబ్బయ్య.

అది నిజమేనని ఆమెకూ తెలుసు.

సాయంత్రం కోడలు సారా స్కూలు నుంచి వచ్చాక విషయం ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. సారా ఒక చిన్నపిల్లల బడిలో టీచరు. కొడుకు ఏసురాజు అదే బడికి వ్యాను నడుపుతాడు. ఇది హెర్నియా అయి ఉంటుందని, ఆపరేషన్ చేయించాల్సిందేనని, పెద్దవాళ్లకు సర్కారు ఆరోగ్య బీమా ఉంది కదా అని సారా అంది. బీమా అన్న మాట చెవిన పడగానే అబ్బయ్య మొహం మాడిపోయింది. ఆయనకు తెలిసిన బీమా ఒక్కటే. బ్యాండులో డ్రమ్ము వాయించే మిత్రుడు చనిపోతే, ఏజెంటు వచ్చి వాళ్లింట్లో కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడం ఆయన కళ్లారా చూశాడు.

"బీమా అంటే మనిషి పోయినంక ఇంటోళ్లకొచ్చేది. నేనింకా పోలే. బతికుండంగనే నా బీమా తింటరా మీరు?"

సారా నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. ప్రేమమ్మకు మాత్రం నవ్వు రాలేదు. బతికుండగా వచ్చే బీమా ఎట్లా ఉంటుందో, ఎవరిస్తారో, ఎక్కడ చూపిస్తే ఏమవుతుందో ఆమెకూ తెలియదు. తెలియకపోతే ఆమెకు నిద్ర పట్టదు.

మరునాటి నుంచి ఆమె అందరినీ అడగడం మొదలుపెట్టింది. జహీరాబాదులో ఉన్న చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలు తనకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు ఆరోగ్యశ్రీ మీద నేరుగా హైదరాబాదులోని పెద్ద ఆస్పత్రికి పోయానని, ఏసీ గది ఇచ్చారని, ఇడ్లీ పెట్టారని గంటసేపు చెప్పింది. చిమ్కోడ్‌లో సేద్యం చేసే సంగయ్య బజారుకు వచ్చినప్పుడు పలకరిస్తే, తాను సహకార సంఘంలో సభ్యుణ్ణని, దాని మీద యశస్విని అని ఒకటి ఉందని, ఏటా కొంత కడుతున్నానని చెప్పాడు. దాన్ని ఎప్పుడు ఎలా వాడాలో మాత్రం ఆయనకూ తెలియదు. టీవీలో డెబ్బై దాటినవాళ్లందరికీ, ఉన్నవాళ్లయినా లేనివాళ్లయినా ఒక కార్డు ఇస్తారని విన్నట్టు చర్చిలో పాటలు పాడే ఎజ్రా చెప్పాడు. ఏసురాజేమో మన రేషన్ కార్డు మీద ఎప్పుడో ఆయుష్మాన్ కార్డు తీయించానని, బీరువాలో చీరల కింద ఉందని గుర్తు చేశాడు.

ఈ నాలుగూ ప్రేమమ్మ తలలో పడి ఒకే కిచిడీ అయ్యాయి. పేరేదైనా సర్కారుదే కదా, చెల్లెలికి జరిగినట్టే మనకూ జరుగుతుంది అనుకుంది. కార్డు తీసుకుని పెద్ద ఆస్పత్రికి పోవడమే తరువాయి అని తేల్చుకుంది. ఒక్కరికే ఎందుకు, అవసరమున్న నలుగురూ కలిసి పోదాం అని కూడా అనుకుంది. సంగయ్యకు మోకాళ్ల నొప్పి. ఆయన భార్య సిద్దమ్మకు కళ్లు మసక. ఎజ్రాకు చలికాలం వస్తే దగ్గు. అబ్బయ్య తన కోసమంటే ఎలాగూ రాడు కాబట్టి, సిద్దమ్మ కళ్లు చూపించడానికి తోడు రమ్మని ఆయనకు చెప్పింది.

సంగయ్య తన బంధువు జీపు తెచ్చాడు. అందరూ పెళ్లికి పోతున్నట్టే తయారయ్యారు. సిద్దమ్మ పట్టుచీర కట్టింది. ఎజ్రా క్రిస్మస్ కోటు వేసుకున్నాడు. ప్రేమమ్మ జొన్నరొట్టెలు, పల్లీల కారం, గుత్తివంకాయ కూర డబ్బాలో పెట్టింది. ఆస్పత్రిలో ఇడ్లీ పెడతారు కదా మళ్లీ ఇవెందుకు అని ఎజ్రా అడిగితే, ఇడ్లీ కడుపు నింపదని చెప్పింది.

బీదరు ఊరి చివర ఉన్న పెద్ద ప్రైవేటు ఆస్పత్రి గాజు తలుపులు వాటంతటవే తెరుచుకున్నాయి. చెప్పులు బయట విడవాలా వద్దా అని సిద్దమ్మ కాసేపు తటపటాయించింది. లోపల, సర్కారు కార్డుల పని చూసేచోట, ఆరోగ్యమిత్ర అని బోర్డు ఉన్న బల్ల వెనుక నవనాథ్ అనే నడివయసు మనిషి కూర్చుని ఉన్నాడు. ఆయన సొంతూరు భాల్కి వైపు. మరాఠీ, కన్నడ, దక్కనీ, తెలుగు అన్నీ కలిపి మాట్లాడతాడు. ప్రేమమ్మ కార్డులన్నీ ఒకదాని మీద ఒకటి పేకముక్కల్లా పేర్చి ఆయన ముందు పెట్టింది. రెండు మోకాళ్లు, రెండు కళ్లు, ఒక దగ్గు, మా ఆయనకు పేగు జారింది అని వరసగా చెప్పింది.

చివరి మాటకు అబ్బయ్య ఉలిక్కిపడి భార్య వైపు తిరిగాడు. సిద్దమ్మ కళ్ల కోసం కదా వచ్చింది అన్నాడు. సిద్దమ్మ కళ్లు కూడా అని ప్రేమమ్మ సర్దింది.

నవనాథ్ నవ్వలేదు. కుర్చీలు వేయించి అందరినీ కూర్చోబెట్టాడు. ఇది దగ్గు మందు ఇప్పించే కార్డు కాదని, ఆస్పత్రిలో చేరి చేయించుకోవాల్సిన చికిత్సకని ముందు చెప్పాడు. ఎజ్రా కోటు గుండీలు విప్పుకున్నాడు. ఇంకో సంగతి, కార్డు ఉన్నంత మాత్రాన నేరుగా ఇక్కడికి రావడం కుదరదు. ముందు సర్కారు దవాఖానకు పోవాలి. అక్కడ అయ్యేది అక్కడే చేస్తారు. అక్కడ కానిదైతే వాళ్లే చీటీ రాసి ఇలాంటి ఆస్పత్రికి పంపుతారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం చీటీ కోసం ఆగక్కర్లేదు.

మరి మా చెల్లె నేరుగా హైదరాబాదు ఎలా పోయింది అని ప్రేమమ్మ అడిగింది. మీ చెల్లె తెలంగాణలో ఉంది, అది వాళ్ల పథకం, వాళ్ల పద్ధతి వేరు, మీ రేషన్ కార్డు కర్ణాటకది అని ఆయన చెప్పాడు. జహీరాబాదు ఇక్కడికి బస్సులో గంట కూడా పట్టదు కదా అని ఆమె వాదించింది. బస్సు దాటినంత సులువుగా కార్డు సరిహద్దు దాటదని ఆయన జవాబు. సంగయ్య చూపించిన యశస్విని సహకార సంఘాల సభ్యులది, దాని జాబితాలో ఉన్న ఆస్పత్రులు, దాని నియమాలు వేరు. డెబ్బై దాటినవాళ్ల కార్డు కేంద్రం ప్రకటించిన మాట నిజమే, కానీ అది ఈ రాష్ట్రంలో ఎంతవరకు వచ్చిందో చేరేముందు కనుక్కోవాలి, దాన్ని నమ్ముకుని బయల్దేరవద్దు. అబ్బయ్యకు దాని అవసరం కూడా లేదు. రేషన్ కార్డు ఉన్న కుటుంబంగా ఆయన పేరు ఇప్పటికే ఇందులో ఉంది.

ప్రేమమ్మ కార్డులన్నీ మళ్లీ ఒకదాని మీద ఒకటి పేర్చుకుంది. తర్వాత తలెత్తింది.

"అంటే మా బోర్డింగు లెక్కనే. పిల్లలు ముందు మా వంటింట్ల వండింది తినాలె. డాక్టరు రాసిన పథ్యమో ఏందో మాతోని కాకపోతే, వార్డెనమ్మ చీటీ రాసిస్తది, బయట్నుంచి తెప్పిస్తం. పిల్ల కండ్లు తిరిగి పడిపోతే చీటీ గీటీ ఏం జూడం, ఏది దొరికితే అది తాపిస్తం. గంతేనా?"

నవనాథ్ అప్పుడు నవ్వాడు. గంతే అన్నాడు.

ఇంతమందిని పట్టుకొచ్చి పరువు పోగొట్టుకున్నానే అని ఆమెకు లోపల చిన్నబోయినట్టయింది. కానీ సంగయ్య ఏసీ చల్లగా ఉంది, ఇంకాసేపు కూర్చుందాం అన్నాడు. సిద్దమ్మ గాజు తలుపు దానంతటదే తెరుచుకోవడం మళ్లీ ఒకసారి చూస్తానంది. అందరికీ నవ్వొచ్చింది. ఆస్పత్రి ఆవరణలో చెట్టు నీడన కూర్చుని రొట్టెలు తిన్నారు. వంకాయ కూర నవనాథ్‌కు కూడా వెళ్లింది.

అక్కడి నుంచి అలాగే జీపును జిల్లా దవాఖానకు తిప్పారు. ఇక తప్పించుకునే వీలు లేకపోవడంతో అబ్బయ్య గొణుక్కుంటూనే వరసలో నిలబడ్డాడు. సర్జరీ విభాగంలో ఉన్న డాక్టరమ్మది కలబురగి. కన్నడంలో మాట్లాడింది. అబ్బయ్యను పడుకోబెట్టి, లేపి, దగ్గమని చెప్పి చూసింది. హెర్నియానే. ఇప్పుడు నెమ్మదిగా ఉన్నప్పుడే చేయించుకుంటే మంచిది, ఇక్కడే చేస్తాం అంది. బుడిపె గట్టిపడి లోపలికి పోకపోయినా, నొప్పితో వాంతులైనా రాత్రయినా పగలైనా వెంటనే రావాలని కూడా హెచ్చరించింది. ఏం పని చేస్తారని అడిగింది. ట్రంపెట్ ఊదుతానని అబ్బయ్య చెప్పాడు. ఆమె కలం కింద పెట్టి, ఇన్నాళ్లు దీంతోనే ఊదుతున్నారా అని ఆయన వైపు చూసింది. ఆయన తలదించుకున్నాడు, కానీ లోలోపల కాస్త గర్వపడ్డాడని ప్రేమమ్మకు తెలిసింది.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. పెళ్లిళ్ల కాలం మొదలవుతోంది, అది కానివ్వు అన్నాడు అబ్బయ్య. ప్రేమమ్మ ఒప్పుకోలేదు. రెండు రోజులు ఆయన మాట్లాడలేదు. అది కొత్తేమీ కాదు కానీ, ఈసారి ట్రంపెట్‌ను కూడా పెట్టెలోంచి తీయలేదు. మూడోరోజు పొద్దున టీ తాగుతూ తనంతట తానే నోరు విప్పాడు.

"ఆపరేషన్‌కు భయం లేదు. చేసినంక ఊదరాకపోతే? బ్యాండుల ఎనకకు పంపిస్తరు. తాళాలు చేతికిస్తరు. ఎర్రకోటేస్కొని తాళాలు కొట్టుకుంట నిలబడుడు నాతోని కాదు."

ప్రేమమ్మకు అప్పుడు అర్థమైంది. ఆయనకు బీమా మీద కోపం లేదు, డాక్టరమ్మ మీదా లేదు. ఆమె మరుసటి పూట ఒక్కతే దవాఖానకు వెళ్లి డాక్టరమ్మను పట్టుకుని, ఆపరేషన్ తర్వాత ట్రంపెట్ ఊదవచ్చా, ఎన్నాళ్లకు, పైస్వరం కూడానా అని అడిగింది. కొన్ని నెలలు అసలు ముట్టకూడదు, తర్వాత మెల్లగా మొదలుపెట్టొచ్చు, ఇప్పుడు ఊదుతున్నదే ప్రమాదం అని డాక్టరమ్మ వివరంగా చెప్పింది. ప్రేమమ్మ ఆ మాటల్ని ఒక్కటి కూడా పోకుండా మోసుకొచ్చి భర్త ముందు పెట్టింది.

"పైసొరం గూడ అడిగినవా?" అన్నాడు అబ్బయ్య.

"అదే ముందడిగిన," అంది ఆమె.

అబ్బయ్య దవాఖానలో చేరిన రోజున కొంత హడావిడి జరిగింది. మిషను మీద బొటనవేలు పెడితే గుర్తు పట్టలేదు. ముసలి వేళ్లు అరిగిపోయాయి. తుడిచి పెట్టించారు, వేరే వేలు పెట్టించారు, పని జరగలేదు. ఫోనుకు వచ్చే నంబరు చెబితే చాలన్నారు. ఆ ఫోను ఏసురాజు దగ్గర ఉంది. ఏసురాజు పిల్లలను దింపడానికి వ్యానులో తిరుగుతున్నాడు. ప్రేమమ్మ పదే పదే ఫోన్ చేసింది. చివరికి అతను వ్యాను పక్కకు ఆపి నంబరు చదివితే, వ్యానులోని పిల్లలంతా ఆ అంకెల్ని పాటలా గొంతెత్తి అరిచారు. కౌంటరులో ఉన్నావిడకు ఏ అంకె వినాలో తెలియక మళ్లీ చెప్పించుకుంది.

నడుములో సూదిమందు ఇచ్చి, మనిషి మెలకువగా ఉండగానే ఆపరేషన్ చేశారు. లోపల ఏం జరిగిందో తర్వాత నర్సు వచ్చి ప్రేమమ్మకు చెప్పింది. తెర అవతల పనిచేస్తుంటే అబ్బయ్య ఊరేగింపు పాట కూనిరాగం తీయడం మొదలుపెట్టాడట. కాసేపటికి డాక్టరమ్మ, తాతా మీరు పాడుతుంటే కడుపు కదులుతోంది, నేను కుట్లు వేసేదాకా ఆపండి అందట. ఆయన ఆపి, అయిపోయిందా అని మధ్యమధ్య అడుగుతూనే ఉన్నాడట. అయిపోయిందని చెప్పగానే వదిలిన చోటి నుంచే అందుకున్నాడట.

ఆ తర్వాతి నెలలు ఇంట్లో అందరికీ పరీక్షే. బరువు ఎత్తొద్దు, ఊదొద్దు. అబ్బయ్య గుమ్మంలో కూర్చుని, పోయే వచ్చే బ్యాండు పిల్లలను పిలిచి స్వరాలు దిద్దాడు. కొందరు ఆయన తిట్లు తప్పించుకోవడానికి వేరే గల్లీలోంచి పోయేవాళ్లు. ఈలోగా సిద్దమ్మకు జిల్లా దవాఖానలోనే ఒక కంటికి శుక్లం తీశారు. పట్టీ విప్పాక మొదట సంగయ్యను చూసి, నువ్వు గింత ముసలోనివైనవా అని అడిగింది. సంగయ్య మోకాళ్లకు మాత్రం ఆపరేషన్ అక్కర్లేదన్నారు. బరువు తగ్గి, రోజూ నడవమన్నారు. కార్డు చేతిలో పట్టుకుని వెళ్లి, వట్టి చేతులతో నడుచుకుంటూ రావాల్సి వచ్చిందని ఆయన చాలా రోజులు నొచ్చుకున్నాడు.

అబ్బయ్య డాక్టరమ్మ చెప్పిన గడువు దాటాక మెల్లగా ట్రంపెట్ అందుకున్నాడు. మొదట గాలి మాత్రమే వచ్చింది. తర్వాత కింది స్వరాలు వచ్చాయి. పైస్వరం వచ్చిన రోజు ఇంట్లో ప్రేమమ్మ తప్ప ఎవరూ లేరు. ఆమె వంటింట్లో పిండి కలుపుతున్న చేతులతోనే బయటికొచ్చి విని, లోపలికి వెళ్లిపోయి, ఆ పూట రొట్టెల్లోకి నెయ్యి ఎక్కువ వేసింది.

ఈ సంగతులన్నీ చెవిన పడి, పాస్టరుగారు ఒక ఆదివారం ఆరాధన తర్వాత పెద్దవాళ్లకు ఈ కార్డుల గురించి పదిమాటలు చెప్పమని ప్రేమమ్మను కోరాడు. ఆమె పదిమాటలతో ఆగలేదు. తన జీపు ప్రయాణాన్ని కూడా దాచకుండా చెప్పింది. ముందు సర్కారు దవాఖాన, తర్వాతే చీటీ, ప్రాణం మీదికొస్తే చీటీ లేకుండా పరుగు అని పిల్లలకు ఎక్కం నేర్పినట్టు అందరితో రెండుసార్లు అనిపించింది. ఆకలవుతున్నవాళ్లు కూడా లేవలేదు.

చివర్లో వెనుక బల్ల మీద నుంచి కాశప్ప అనే రిటైర్డు డ్రైవరు లేచాడు. తన భార్య పేరు రేషన్ కార్డులో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉందని, దాంతో ఏమైనా ఇబ్బంది వస్తుందా అని అడిగాడు. ప్రేమమ్మ ఆలోచించింది.

"నాకు తెల్వదు కాశప్పన్నా. రేపు పొద్దుగాల నువ్వు, అక్క ఇద్దరు రాండ్రి. పోయి అడుగుదాం."

సోమవారం పొద్దున నవనాథ్‌ను అడగడానికి ముగ్గురూ సిటీ బస్సు ఎక్కారు. ప్రేమమ్మ ఒడిలో రొట్టెల డబ్బా ఉంది. దారి పొడుగునా ఆమె కాశప్ప భార్యను, పుట్టినప్పుడు పెట్టిన పేరేమిటి, పెళ్లయ్యాక ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు అని అడుగుతూనే ఉంది.